పిక్కలు బిగుసుకుంటే పాదం చదునవుతుందా?

ప్రశ్న: రెండు కాళ్ళూ ఫ్లాట్ ఫుట్. గొంతుక్కూర్చుంటే మడమలు లేచిపోతాయి. రోజూ గోడకు చేతులానించి పిక్కలు సాగదీస్తున్నా పట్టు వదలట్లేదు, పైగా పాదం లోపలి అంచున నొప్పి. తప్పు పాదంలో ఉందా, పిక్కలోనా?

జవాబు 1: రెంటికీ లింకుంది. నడకలో మడమ నేలమీద ఉండగానే కాలు చీలమండ మీదుగా సుమారు 10 డిగ్రీలు ముందుకు వాలాలి. పిక్క అడ్డుపడితే ఆ లోటు పాదం మధ్య కీళ్ళు పూడుస్తాయి. మడమ బయటికి ఒరిగి, అరికాలి వంపు కుంగుతుంది. మడమ ఏళ్ళ తరబడి అలాగే ఒరిగి ఉంటే పిక్కను మడమకు కలిపే వెనక నరం (అకిలిస్ టెండన్) పొట్టిబారుతుంది, పిక్క ఇంకా బిగుస్తుంది.

మీ నొప్పికి కారణం బహుశా స్ట్రెచ్ చేసే తీరే. వేళ్ళు బయటికి తిప్పి వాలితే సాగేది పిక్క కాదు, పాదం మధ్యభాగం. వెనక కాలి వేళ్ళు సూటిగా గోడవైపు ఉంచి, వంపు కింద మడతపెట్టిన నాప్‌కిన్ పెట్టండి. మోకాలు నిటారుగా 30 సెకన్లు, 3 సార్లు. తర్వాత మోకాలు కాస్త వంచి మళ్ళీ అంతే. రోజుకు రెండు పూటలు.

జవాబు 2: ముందు ఏది బిగిసిందో తేల్చుకోండి. పడుకుంటే ఇంకొకరు మడమను సరిగ్గా పట్టుకుని పాదాన్ని పైకి వంచాలి. మోకాలు చాపినప్పుడు ఆగిపోయి, వంచితే వదులైతే పై కండరం గాస్ట్రాక్నీమియస్‌దే పని. రెండు విధాలా ఆగితే దాని కింది కండరం సోలియస్, వెనక నరం, లేదా చీలమండ కీలే. కీలైతే స్ట్రెచ్ ఎంత చేసినా దండగే.

సాగదీయడమొక్కటే చాలదండీ. రెండు మడమల మధ్య టెన్నిస్ బంతి నొక్కిపట్టి మునివేళ్ళ మీద లేవండి, 3 సెకన్లు తీసుకుని దిగండి. 12 చొప్పున 3 సెట్లు, రోజు విడిచి రోజు. 6-8 వారాల లోపు ఫలితం లేదనుకోవద్దు.

జవాబు 3: పిక్క వదులవకముందే గట్టి ఆర్చ్ ఇన్‌సోల్ కొనకండి. పైనుంచి ఎముక దిగుతుంది, కిందనుంచి ఇన్‌సోల్ తోస్తుంది, మధ్యలో చర్మం నలిగి నొప్పి పెరుగుతుంది. మెత్తనిది వాడుకోవచ్చు.

మునివేళ్ళ మీద లేస్తే వంపు కనబడాలి. కనబడకపోయినా, ఒంటికాలిపై లేవలేకపోయినా, లోపలి చీలమండ వెనక వాపున్నా, ఒక్క పాదమే కొత్తగా చదునవుతున్నా వ్యాయామాలు ఆపి ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి.