మూసీ మీద ఉమ్మడి కోర్సు: ప్రతిపాదన ఎలా రాయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో చరిత్ర, సివిల్ ఇంజనీరింగ్ విభాగాలవాళ్లం కలిసి 1908 మూసీ వరదలపై 3 క్రెడిట్ల కోర్సు పెట్టాలనుకుంటున్నాం. ఎంపిక కమిటీ ముందుగా ఏం చూస్తుందండీ?

జవాబు 1: నిజంగా కలిసి చెబుతారా అన్నది. సగం వారాలు చరిత్ర టీచరు, సగం ఇంజనీరింగ్ టీచరు అంటే అవి రెండు అరకోర్సులే. 3 క్రెడిట్లంటే 45 గంటలు. ఏ గంట ఎవరిది, ఏది ఇద్దరిదీ అని వారాలవారీ పట్టిక వేయండి. ఆ వరదల తర్వాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్ జలాశయం ఎందుకు కట్టారన్న ప్రశ్నకి వరద లెక్కలూ, నిజాం కాలపు దస్తావేజులూ ఒకే క్లాసులో తెరవాలి. అసలు బలం అక్కడే ఉంది.

జవాబు 2: వర్క్‌లోడ్, అంటే ఒక్కో టీచరుకి లెక్కకొచ్చే బోధన గంటలు, మరవకండి. ఉమ్మడి గంటను చెరిసగం లెక్కేస్తే రెండో ఏడాదికి ఒకరు తప్పుకుంటారు. ఇద్దరికీ పూర్తి గంట అని విభాగాధిపతులతో సంతకం చేయించాకే సిలబస్‌ని ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి పంపండి.

జవాబు 3: మార్కుల సంగతీ రాయండి. మొదటి 5 పేపర్లు ఇద్దరూ విడివిడిగా దిద్ది పోల్చుకోవాలి. లేదంటే ఒకరు వ్యాసం చూసి, ఇంకొకరు లెక్క చూసి వేస్తారు. మధ్యలో పిల్లలు నలుగుతారు.