దసరాకి అమ్మవారికి నోట్ల అలంకారం: ఉంచాలా, మానాలా?

గోదారమ్మాయి:
మా ఊరి కన్యకాపరమేశ్వరి గుళ్లో ఆరేళ్లుగా నోట్లు మడతపెట్టే పనికి వెళ్తున్నాను. మహాలక్ష్మి అలంకారానికి ముందు రెండు రాత్రులు పాతికమందిమి కూర్చుని నోట్లని విసనకర్రల్లా మడిచి దారంతో కడతాం. పిన్ను గుచ్చనివ్వం. ఎవరి కట్ట వాళ్ల పేరు చీటీతో కవర్లో ఉంటుంది, పండగయ్యాక ఎవరివి వాళ్లకి ఇచ్చేస్తాం. హారతి వేళ చూస్తే కళ్లు చెదురుతాయి, కాదనను. కానీ పోయినేడు ఒకావిడ కొంగు ముడి విప్పి రెండు పది నోట్లు తీసి "ఇవి కూడా పెట్టమ్మా" అంది. ఐదువేలకి తక్కువైతే చీటీ రాయొద్దన్నారు కమిటీవాళ్లు, లెక్క తేలదని. ఆవిడ మాట్లాడకుండా హుండీలో వేసి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ నాకు ఆ పని మీద మనసు పోవట్లేదు. ఈ ఏడు మానేద్దామని కమిటీలో అడగాలనుంది. మీరేమంటారు?

కిరాణా కొట్టు:
మానేయమనకండి తల్లీ. రైతు నాగలికి పసుపు రాస్తాడు, డ్రైవరు లారీకి గుమ్మడికాయ కొడతాడు. దసరా అంటే ఎవరి పనిముట్టు వాళ్లు అమ్మ ముందు పెట్టుకోవడం. మా పనిముట్టు గల్లాపెట్టెలో నోటు. అలంకారంలో ఉండి వచ్చిన నోటుని నేను ఏడాదంతా ఖర్చుపెట్టను, గల్లా అడుగున పసుపుగుడ్డలో ఉంటుంది. అప్పులవాళ్లు కొట్టు ముందు నిలబడ్డ రోజుల్లో కూడా దాన్ని ముట్టుకోలేదు. ఆవిణ్ణి పంపేయడం ముమ్మాటికీ తప్పే. కానీ తప్పు కమిటీ లెక్కది, అలంకారానిది కాదు.

రిటైర్డ్ క్యాషియర్:
ఒక్క మాట. నోట్లతో దండలు కట్టొద్దు, పందిళ్లూ గుళ్లూ అలంకరించొద్దు అని రిజర్వు బ్యాంకే జనానికి విజ్ఞప్తి చేసింది. నోట్లు శుభ్రంగా ఉండాలనే క్లీన్ నోట్ పాలసీ 1999 నుంచీ ఉంది. అది విజ్ఞప్తే, శిక్ష లేదు. అయినా మడతలు పడ్డ నోటు ఎంత తొందరగా చిరుగుతుందో కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు.

కొండకింద బెజవాడ:
నేను మానాలనే అంటాను. ఆషాఢంలో ఇంద్రకీలాద్రి మీద శాకంబరి ఉత్సవాలు మూడు రోజులు, అమ్మకి కూరగాయలతోనే అలంకారం. దండలు గుచ్చడానికి వెళ్తుంటాను. బెండకాయలు తొడిమ దగ్గర గుచ్చాలి, నడిమికి గుచ్చితే జిగురు కారి దండ జారుతుంది. పచ్చిమిర్చి గుచ్చిన రోజు రాత్రి వేళ్లు మండి నిద్రపట్టదు. లారీడు కూరగాయలు పంపినవాళ్లుంటారు, సంచిలో నాలుగు సొరకాయలు తెచ్చినవాళ్లుంటారు. గుచ్చాక ఏది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? ఆ కూరగాయలే కదంబం ప్రసాదంలో పడతాయి. నా అభ్యంతరం ఇక్కడే ఉంది కొట్టుగారూ. నైవేద్యమంటే అమ్మకి చూపించి అందరం తినేది. తెచ్చినవాడూ తింటాడు, ఏమీ తేలేనివాడూ తింటాడు. నోటు మాత్రం పేరు చీటీతో వచ్చి, అదే పేరు చీటీతో వెనక్కి వెళ్లిపోతుంది. మధ్యలో ఇంకెవరికీ ఏమీ అందలేదు.

కిరాణా కొట్టు:
ఆకుకూరలు ఆ ఉక్కకి సాయంత్రానికే వడిలిపోతాయి కదండీ. అవి కూడా కదంబంలో వేస్తారా? మా నోటు కనీసం వృథా కాదు. ఆడంబరం వద్దంటే మరి తిరుమల నగల మాటేమిటి?

కొండకింద బెజవాడ:
వడిలినవి పారేయాల్సిందే, ఒప్పుకుంటాను. అందుకే ఆకుకూరలు తగ్గించి దుంపలూ సొరకాయలూ ఎక్కువ పెట్టమని మేమే అడుగుతుంటాం. తిరుమల సంగతి మీరు ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. గురువారం స్వామికి నగలు తీసేస్తారు, సాయంత్రం పూలంగి సేవ, ఒంటినిండా పూలే. రోజూ గర్భగుడి గడప కులశేఖరపడి దాటి లోపలికి వెళ్లే నైవేద్యం కొత్త మట్టి ఓడులో పెట్టిన పెరుగన్నం. అంత నగలున్న స్వామి పగిలిన కుండపెంకులో తింటున్నాడండీ. నగలు కూడా స్వామివే, దసరా అయ్యాక ఎవరూ ఇంటికి పట్టుకుపోరు.

కిరాణా కొట్టు:
చీటీ మాట నిజమే. మా నాన్న కాలంలో చీటీల్లేవు. ఉన్న నాలుగు నోట్లూ ఒకే పళ్లెంలో పెట్టేవాళ్లు, పూజయ్యాక తలా ఒకటి అందుకునేవాళ్లు. నాది నాకే రావాలని ఎవరూ అడగలేదు. నోట్లు మానడానికి నాకు మనసొప్పదు గానీ, అలా పళ్లెంలో పెడదామంటే నా కట్ట ముందు నేనే ఇస్తాను.

గోదారమ్మాయి:
పళ్లెం మాట కమిటీలో చెప్తాను. ఒప్పుకోకపోతే ఈసారి మడతకి వెళ్లను. ఎలాగూ ఆషాఢం ముందొస్తోంది, మా గుళ్లో శాకంబరి ఎప్పుడూ చేయలేదు. ఆ పది నోట్లావిడ ఇల్లు పాలకేంద్రం పక్కనే, గోడమీదకి పాకిన పొట్లపాదు రోజూ చూస్తూనే ఉంటాను. రేపు వెళ్లి అడుగుతాను, అమ్మవారికి నాలుగు పొట్లకాయలు ఇస్తారా అని.