ఇయర్ వన్‌లో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరుతున్నాను, సలహా కావాలి

రెడింగ్ నుంచి:
అందరికీ నమస్కారం. మావారి వీసా మీద డిపెండెంట్‌గా ఇంగ్లండ్ వచ్చాను. ఇక్కడి ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది, ఇయర్ వన్ క్లాసు, అంటే ఐదారేళ్ల పిల్లలు. ఇండియాలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పాను గానీ, ఇంకో టీచర్ క్లాసులో ఉండి ఏం చేయాలో అర్థం కావట్లేదు. మంచి పేరు రావాలంటే మొదట దేని మీద దృష్టి పెట్టాలి?

స్లౌ నుంచి:
శుభాకాంక్షలమ్మా. స్కూలే నేరుగా తీసుకుందా, ఏజెన్సీ ద్వారానా? ఏజెన్సీ అయితే ఇది తప్పక చదవండి. నేను మొదట అలాగే చేరాను. రోజుకింత అని ఫోన్లో చెప్పారు. తీరా పేస్లిప్ వస్తే మధ్యలో ఒక అంబ్రెల్లా కంపెనీ ఉంది, అంటే ఏజెన్సీ తరఫున మనకి జీతం ఇచ్చే మధ్యవర్తి కంపెనీ. చెప్పిన రేటులోంచే ఎంప్లాయర్ కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ (జీతాల మీద ప్రభుత్వానికి కట్టేది), వాళ్ల మార్జిన్, హాలిడే పే అన్నీ తీసేసి, మిగిలినదాని మీద మళ్లీ నా ట్యాక్స్ కోశారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే అంబ్రెల్లా వాళ్లని అడగమంటారు, వాళ్లనడిగితే ఏజెన్సీని అడగమంటారు. చివరికి "నా కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ ఏది?" అని మెయిల్ పెట్టాను. 2020 ఏప్రిల్ నుంచి ఏజెన్సీలు సంతకానికి ముందే అది ఇవ్వాలి, కోతలన్నీ అందులో ఉండాలి. ఆ మెయిల్ వెళ్లాకే లెక్క కాగితం మీదకి వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. ఒకే చోట ఒకే పని 12 వారాలు చేస్తే, స్కూలు సొంతంగా పెట్టుకున్నవాళ్లతో సమానంగా జీతం ఇవ్వాలి. సరిగ్గా దానికి కాస్త ముందే నన్ను వేరే స్కూలుకి మార్చారు. సెలవులొస్తే వారాల లెక్క మళ్లీ మొదటికొస్తుందని కూడా చెప్పారు. రాదు. స్కూలు మూసిన రోజుల్లో లెక్క ఆగుతుంది, తెరిచాక అక్కడి నుంచే సాగుతుంది. తేదీలు మీరే రాసి పెట్టుకోండి.

లెస్టర్ నుంచి:
చెల్లీ, ఆ అమ్మాయి అడిగింది క్లాసులో పని గురించి కదా. నేను చాలా ఏళ్లు టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా చేసి హెచ్ఎల్‌టీఏ (పై స్థాయి టీఏ) అయ్యాను. నేను చెప్పేది ఒకటే. పిల్లల పని మనం చేసిపెట్టకూడదు. డిస్ అని ఒక పెద్ద పరిశోధన ఇక్కడే జరిగింది, 2009లో బయటికొచ్చింది. టీఏల సాయం ఎక్కువ అందిన పిల్లలే చదువులో తక్కువ ముందుకెళ్లారని తేలింది. అది టీఏల తప్పు కాదు. వెనకబడ్డ పిల్లల్ని, ముందుగా ఏమీ చెప్పకుండా, మనకి అప్పజెప్పేయడం వల్ల. ఆ పిల్లలకి టీచర్ దగ్గర దొరికే సమయం కూడా అలా తగ్గిపోతుంది.

అందుకని పిల్లాడు పెన్సిల్ పట్టుకుని ఆగిపోతే మీరు వెంటనే అందుకోవద్దు. ఊరుకోండి, వాణ్ణి ఆలోచించుకోనివ్వండి. అయినా కదలకపోతే "మొదట ఏం చేయాలనుకున్నావు?" అనండి. తర్వాత చిన్న క్లూ. పదమూడులోంచి ఐదు తీసేయాలంటే, ముందు పది దాకా దిగమని నంబర్ లైన్ మీద వేలు పెట్టి చూపిస్తే చాలు. అప్పటికీ రాకపోతే వేరే లెక్క మీరు చేసి చూపించండి, వాడి లెక్క వాడికే వదిలేయండి. హైస్కూల్లో లెక్కలు చెప్పినవాళ్లకి జవాబు చెప్పేయాలని నోరు దురదపెడుతుంది, జాగ్రత్త.

ఇయర్ వన్ అన్నారు కాబట్టి ఫోనిక్స్ మాట, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం నేర్పే పద్ధతి. జూన్‌లో ఆ పిల్లలకి స్క్రీనింగ్ చెక్ అని చిన్న చదివే పరీక్ష ఉంటుంది, 40 పదాలు, అందులో సగం అర్థం లేని పదాలే. మనకి హల్లు పక్కన "అ" తనంతట తనే వచ్చేస్తుంది. "స, అ, న" అని పలికితే పిల్లలకి "సన్" కలవదు. "స్... అ... న్" అని పొడిగా పలకాలి. మీ స్కూలు ఏ ఫోనిక్స్ స్కీమ్ వాడుతోందో అడిగి, దాని వీడియోలు చూసి ఇంట్లో గట్టిగా ప్రాక్టీస్ చేయండి.

మిల్టన్ కీన్స్ నుంచి:
అక్కా, గౌరవంగానే విభేదిస్తున్నా. ఈహెచ్‌సీ ప్లాన్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఇవ్వాల్సిన సాయం రాసిన అధికారిక పత్రం) ఉన్న బాబుకి నేను వన్ టు వన్, వాడి ఒక్కడికే టీఏని. ప్లాన్‌లో సెక్షన్ ఎఫ్‌లో రాసింది కౌన్సిల్ చట్టప్రకారం అందించి తీరాలి. నేను పక్కన లేకపోతే వాడు తలుపు తీసుకుని బయటికి పోతాడు. "ఊరుకోండి" అంటే ఎలా కుదురుతుంది?

లెస్టర్ నుంచి:
తమ్ముడూ, భద్రత కోసం దగ్గరే ఉండు, కాదనను. వాడు రంగులేస్తున్నప్పుడు కూడా మోచేయి తగిలేలా కూర్చోవాలా? సెక్షన్ ఎఫ్‌లో గంటలూ పనులూ ఉంటాయి గానీ కుర్చీ ఎక్కడ వేయాలో ఉండదు. సెంకోని (ప్రత్యేక అవసరాల పిల్లల సంగతి చూసే టీచర్‌ని) అడుగు, మధ్యలో పది నిమిషాలు వెనక నుంచి గమనించే ఏర్పాటు చేస్తారు. బ్రేక్‌లో తోటి పిల్లలు వాడి దగ్గరికి రావాలన్నా మనం కాస్త జరగాలి.

మిల్టన్ కీన్స్ నుంచి:
బ్రేక్ విషయం ఒప్పుకుంటా. క్లాసు విషయం ఒప్పుకోను.

హారో నుంచి:
మీ వాదన తర్వాత. అమ్మా, డీబీఎస్‌లో (ఉద్యోగానికి ముందు ఇక్కడ చేసే నేర రికార్డు తనిఖీలో) విదేశీ రికార్డు రాదు కాబట్టి ఇండియా పోలీస్ క్లియరెన్స్ అడగొచ్చు, ఇప్పుడే మొదలుపెట్టండి. కీపింగ్ చిల్డ్రన్ సేఫ్ ఇన్ ఎడ్యుకేషన్ అని పిల్లల భద్రత మీద ప్రభుత్వ మార్గదర్శకం ఉంది, దాని మొదటి భాగం శ్రద్ధగా చదవండి. ఎవరైనా పాప "ఎవరికీ చెప్పొద్దు" అంటూ ఏదైనా చెప్పబోతే, చెప్పనని మాట ఇవ్వకండి. గుచ్చి గుచ్చి అడగకండి. తన మాటల్లోనే రాసి ఆ రోజే సేఫ్‌గార్డింగ్ లీడ్‌కి (స్కూల్లో పిల్లల భద్రత చూసేవాళ్లకి) ఇవ్వండి. ఇంకో సంగతి, గేటు దగ్గర మన తెలుగు తల్లిదండ్రులు ఆప్యాయంగా "మావాడెలా చదువుతున్నాడు?" అంటారు. వాట్సాప్ నంబర్ అడుగుతారు. నవ్వుతూ "టీచర్‌ని అడగండి" అనేయండి, నంబర్ మాత్రం ఇవ్వొద్దు.

రెడింగ్ నుంచి:
అందరికీ చాలా థాంక్స్. నేరుగా స్కూలే తీసుకుంది. పాఠం ఏమిటో నాకు ముందుగా తెలియదు, క్లాసులోకి వెళ్లాకే తెలుస్తోంది. టీచర్‌ని అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్.

లెస్టర్ నుంచి:
ఏమీ అనుకోరమ్మా, సంతోషిస్తారు. పిల్లలు రాకముందు వెళ్లి మూడే అడగండి. ఈరోజు పిల్లలు ఏం నేర్చుకోవాలి, ఏ కొత్త మాటలు వస్తాయి, నేను ఎవరి మీద కన్నేసి ఉంచాలి. సాయంత్రం ఎవరికి ఏది రాలేదో ఒక స్టికీ నోట్ మీద రాసి టీచర్ బల్ల మీద పెట్టండి.