కండెన్సింగ్ బాయిలర్ నీటికి గొట్టం ఇప్పుడే వేయించాలా?

నమస్కారం. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మాది పాత ఇటుక ఇల్లు. ఇంటినీ నీళ్లనూ వేడిచేసే బాయిలరూ పాతదే, ఇంకా మొండిగా పనిచేస్తోంది. రెండు మూడేళ్లలో మార్చక తప్పదు. ఇక్కడ 2005 నుంచి కొత్తగా పెట్టేవి దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే కాబట్టి, పొగలోని ఆవిరి చల్లబడి దిగే నీటికి దారి చూపాలి. వచ్చే నెల వంటగది నేల తవ్వి కాంక్రీటు పోయిస్తున్నాం. గొట్టం వేయించాలంటే ఇదే అదను. తర్వాత మళ్లీ నేల పగలగొట్టించే ఓపిక నాకు లేదు.

బాయిలర్ లోపలి గోడకు వస్తుంది. అక్కడి నుంచి సింకు గొట్టానికి నాలుగు మీటర్లు. మీటరుకు 45 మి.మీ. చొప్పున వాలు ఇస్తే చివరికి 18 సెం.మీ. దిగాలి. అంత లోతు దొరుకుతుంది. బయటి గోడ మీదుగా అయితే దగ్గరే కానీ, చలికి నీరు గడ్డకడితే బాయిలర్ ఆగిపోతుంది. జనవరిలో మా పక్కింటాయన చెంబుతో గోరువెచ్చని నీళ్లు పట్టుకెళ్లి గొట్టం మీద పోసుకుంటుంటే చూశాను. ఆ నీటిని తోసే పంపు పెట్టుకోమని ఒక ప్లంబరు అన్నాడు గానీ, చెడిపోయే వస్తువు ఇంకొకటి ఎందుకు?

నేలలో పూడ్చడానికి 32 మి.మీ. ప్లాస్టిక్ గొట్టం సరిపోతుందా, 40 వేయించాలా? బాయిలర్ వచ్చేదాకా వాడకం ఉండదు కాబట్టి ట్రాప్‌లో (వాసన రాకుండా నీరు నిలిచే గొట్టం వంపులో) నీరు ఎండిపోయి మురుగు వాసన పైకి తన్నుతుంది. పైన గట్టి మూత బిగిస్తే చాలా? ఇంకొకటి, ఈ నీటికి ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ 3 నుంచి 4 దాకా. మా బయటి మురుగు గొట్టం పోత ఇనుముది. అది తినేయకుండా, ఆమ్లాన్ని విరిచే సున్నపురాయి ముక్కల డబ్బా మధ్యలో పెట్టాలా? పెడితే నేలలో పూడ్చకుండా చేతికి అందేలా ఎక్కడ పెట్టుకున్నారో చెప్పగలరు.