రాత్రి ముహూర్తం, సాయంత్రపు వెలుతురు: జంట ఫొటోలకు వేళ ఏది?

ప్రశ్న (పెళ్లికూతురి అన్నయ్య, కొంపల్లి)

అందరికీ నమస్కారం. మా చెల్లెలి పెళ్లి నవంబరు నెలాఖరులో, కొంపల్లిలోని ఒక తోట ఫంక్షన్ హాలులో జరగబోతోంది. సుముహూర్తం రాత్రి 9 గంటల 12 నిమిషాలకు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఎక్కువగా ఉండటంతో ఏర్పాట్లన్నీ నేనూ మా మేనమామా చూసుకుంటున్నాము.

ఫొటోగ్రాఫర్ గారు ఒక పట్టిక పంపారు. దాని ప్రకారం మధ్యాహ్నం 1:30కి అలంకరణ మొదలుపెట్టాలి, 4:45 నుంచి 6 గంటల వరకు పచ్చికలో వధూవరులిద్దరికీ జంట ఫొటోలు తీయాలి, 7 గంటల వరకు రెండు కుటుంబాల ఫొటోలు పూర్తిచేయాలి, 7:30కి ఎదుర్కోలు జరగాలి. మా అమ్మమ్మ ఇదంతా శ్రద్ధగా విని, "పొద్దుగూకేదాకా ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడితే ఇంక అడ్డుతెర ఎవరికోసం పట్టడంరా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

చెల్లి కోరికను కూడా నేను తీసిపారేయలేను. తన స్నేహితురాలి పెళ్లి ఆల్బమ్‌లో అన్నీ రాత్రి ఫొటోలే. ఫ్లాష్ వెలుగుకు ముఖాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడి, వెనకాల అంతా చీకటిగా ఉంది. తనకు పగటి వెలుతురులో తీసిన ఫొటోలు కొన్నయినా కావాలంటోంది. జీలకర్ర బెల్లానికి ముందు ఒకరినొకరు చూసుకోకూడదన్న పద్ధతిని నిలుపుకుంటూ, తన కోరిక కూడా తీరేలా రోజును ఎలా అమర్చుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1 (పెళ్లి ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్)

నమస్కారమండీ. పద్నాలుగేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. ముందుగా వెలుతురు లెక్క చూడండి. నవంబరు నెలాఖరులో మన హైదరాబాదులో సాయంత్రం దాదాపు 5:40కే సూర్యాస్తమయం అవుతుంది. ముఖం మీద మెత్తగా పడే పసుపు వెలుగు 4:50 నుంచి 5:30 వరకే ఉంటుంది, అందువల్ల 6 గంటల వరకు అని రాసిన ఆ పట్టికలో చివరి పదిహేను, ఇరవై నిమిషాలూ ఎలాగూ చీకటే. పైగా అలంకరణ అనుకున్న సమయానికి పూర్తయిన పెళ్లిని నేను చాలా అరుదుగా చూశాను. అలంకరణ గంట ఆలస్యమైతే, మీరు అమ్మమ్మగారి మాట కాదని పెట్టుకున్న ఆ ఫొటోలు కూడా దక్కవు.

ఆ నలభై నిమిషాలూ మీ చెల్లెలికి ఒక్కదానికే కేటాయించండి. తను, అమ్మగారు, అమ్మమ్మగారు, స్నేహితురాళ్లు పచ్చికలో ఉండగా, అదే సమయంలో మా వాళ్లలో ఒకరు విడిదికి వెళ్లి పెళ్లికొడుకును, వారి కుటుంబాన్ని తీస్తారు. జంట ఫొటోలను మర్నాటి ఉదయానికి మార్చండి. అప్పుడు సూర్యోదయం 6:30 ప్రాంతంలో అవుతుంది. 6:45 నుంచి 7:30 వరకు అదే పచ్చిక మీద అదే మెత్తని వెలుగు ఉంటుంది, అతిథుల తాకిడి మాత్రం ఉండదు. హాలు ఎన్ని గంటలకు ఖాళీ చేయాలో ఇప్పుడే అడిగి రాయించుకోండి.

రాత్రి ఫొటోల్లో ముఖాలు పాలిపోవడానికి ఫ్లాష్ ఒక్కటే కారణం కాదు. మండపానికి ఊదా రంగు, నీలం రంగు దీపాలు పెడితే పసుపు పసుపులా కనిపించదు, కుంకుమ నల్లబడుతుంది. వధూవరులు కూర్చునే చోట పైనుంచి, రెండు పక్కల నుంచి లేత పసుపు వెలుగు మాత్రమే పడాలని డెకరేషన్ వారికి ముందే చెప్పండి. చవక రకం ఎల్‌ఈడీలు మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. కంటికి తెలియని ఆ మినుకు వీడియోలో అడ్డచారలుగా పడుతుంది, కాబట్టి ముందు రోజు రాత్రి దీపాలన్నీ వెలిగించి పది నిమిషాలు పరీక్షించుకునే అవకాశం మీ ఫొటోగ్రాఫర్‌కు ఇవ్వండి.

డ్రోన్ మాట పట్టికలో ఉంటే దాన్ని పక్కన పెట్టడమే మంచిది. కొంపల్లికి ఒక పక్క హకీంపేట, మరో పక్క దుండిగల్ వైమానిక స్థావరాలు ఉన్నాయి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ పటం 'డిజిటల్ స్కై'లో మీ హాలు ఎరుపు మండలంలోకి వస్తే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

జవాబు 2 (అమ్మాయి పెళ్లి చేసిన తల్లి, దిల్‌సుఖ్‌నగర్)

బాబూ, మీ అమ్మమ్మగారి మాట నా మనసులో నాటుకుంది. నా అనుభవం ఒకటి చెప్తాను.

మా అమ్మాయి కన్యాదానంలో మావారు అల్లుడి కాళ్లు కడుగుతుంటే నేను చెంబుతో నీళ్లు పోశాను. ఆ నీళ్లు పోస్తున్నప్పుడు నాకు లోకం తెలియలేదు. పోయడం అయిపోయాక ఫొటోగ్రాఫర్ "అమ్మా, కెమెరా సిద్ధంగా లేదు, ఇంకోసారి పోయండి, ఇటు చూస్తూ" అన్నాడు. అందరూ పోయమన్నారు, పోశాను. ఇప్పుడు ఆల్బమ్‌లో ఉన్నది ఆ రెండోసారి పోసిన నీళ్లే. అందులో నా ముఖంలో ఏడుపూ లేదు, సంతోషమూ లేదు, సరిగ్గా పట్టుకున్నానా లేదా అని అవతలి మనిషిని అడుగుతున్న చూపు ఉంది. ఆ పేజీ వచ్చినప్పుడల్లా నేను త్వరగా తిప్పేస్తాను.

అందువల్ల మీరు పట్టిక ఎలా మార్చినా సరే, మండపం మీద ఏ క్రతువునూ కెమెరా కోసం రెండోసారి చేయించబోమని ముందే స్పష్టంగా చెప్పండి. అందకపోతే అందకపోయింది. ఫొటోలు తీసేవాళ్లు మండపం ముందు నిలువు గోడలా నిలబడకూడదని, ఇద్దరు మించి పైకి ఎక్కకూడదని కూడా చెప్పండి. అంత దూరం నుంచి వచ్చిన మా అక్కయ్య తలంబ్రాలు చూడలేక, పక్కన పెట్టిన టీవీలో చూసి వెళ్లింది.

కుటుంబ ఫొటోలకు ఇంకో మాట. జంటతో కలిసి తీసే ఫొటోలు తలంబ్రాల తర్వాతే కదా, అప్పటికి 10:30 దాటుతుంది. మధుమేహం ఉన్న పెద్దవారు అంతవరకు తినకుండా వరుసలో నిలబడలేరు. వారిని 8 గంటలకే భోజనానికి పంపి, ఫొటోలకు మొట్టమొదట వారినే పిలవండి. రెండు వైపుల చుట్టాలనూ ముఖం చూసి గుర్తుపట్టగల ఒక పిన్నినో బాబాయినో ఆ పని కోసమే నిలబెట్టండి. మీ చెల్లి కూడా ముహూర్తం దాకా ఉపవాసం ఉంటుందేమో, అలంకరణకు ముందు పాలూ పండూ అయినా తీసుకునేలా చూడండి.

జవాబు 3 (పౌరోహిత్యం చేసేవారు, మల్కాజిగిరి)

శుభమస్తు. ఒక లగ్నం సుమారు రెండు గంటలు ఉంటుంది, అందులో ఎంచి పెట్టిన నిమిషం జీలకర్ర బెల్లానిది. కదపకూడనిది ఆ ఒక్క నిమిషమే. గౌరీపూజ, ఎదుర్కోలు, కన్యాదానం అన్నీ దానికి ముందు జరగాలి కనుక 7:30కి ఎదుర్కోలు అంటే మాకు చాలా ఇరుకు అవుతుంది, 6:45కి మొదలుపెట్టండి. తలంబ్రాలు, ఉంగరాలు తీయడం వంటి వాటి దగ్గర మేము ఎంతసేపయినా ఆగగలము.

మేనమామ అమ్మాయిని బుట్టలో తీసుకువచ్చే దారి నాలుగు అడుగుల వెడల్పున ఖాళీగా ఉంచండి. మూడు ముళ్లు వేసేటప్పుడు వధువు జడ పైకెత్తి పట్టుకునే ఆడపడుచు, తెలియకుండానే కెమెరాకు అడ్డు వస్తూ ఉంటుంది. ఆమెను కొంచెం ఎడమకు నిలబడమంటే ముళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఫొటోగ్రాఫర్‌ను మీ పురోహితుడితో ముందు రోజే ఒకసారి ఫోనులో మాట్లాడించండి, చాలా చిక్కులు అక్కడే తీరిపోతాయి.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ జవాబులన్నీ ఇంట్లో చదివి వినిపించాను. నీళ్లు పోసిన సంగతి విన్నాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, రెండోసారి చేయించకూడదన్న మాట ఒప్పందం కాగితం మీదే రాయించమని చెప్పింది.

పట్టిక మార్చాము. సాయంత్రం 4:50కి చెల్లి, అమ్మ, అమ్మమ్మ పచ్చికలో ఉంటారు, 6:45కి ఎదుర్కోలు జరుగుతుంది, డ్రోన్ వద్దన్నాము. హాలు మర్నాడు 10 గంటల వరకు మనదేనని యజమాని రాసి ఇచ్చారు కనుక అప్పగింతలు 8:30కి పెట్టుకుని, అంతకుముందు 6:45కి మధుపర్కాల్లోనే జంట ఫొటోలు తీస్తారు. అబ్బాయి వాళ్ల నాన్నగారు కూడా సరేనన్నారు. చెల్లి మొదట కొంచెం వెనకాడింది కానీ, నిన్న రాత్రి తనే ఫొటోగ్రాఫర్ గారికి ఫోన్ చేసి, ఉదయానికి జుట్టు మళ్లీ దువ్వించుకోనని, తలలో ఇరుక్కున్న తలంబ్రాలు అలాగే కనిపించాలని చెప్పింది.