పేటల్లో పాత టైర్ల నిల్వ: ఇన్నే ఉండాలని పరిమితి పెట్టాలా, తీసుకుపోయే ఏర్పాటు చేయాలా?

పెరంబూరు నివాసి (చర్చ ప్రారంభం)

మా వీధి చివర ఒక పంక్చర్ షాపు, దాన్ని ఆనుకుని ఒక పాత సామాన్ల కొట్టు ఉన్నాయి. రెండింటి నడుమ ఉన్న ఖాళీ జాగాలో మూడేళ్లుగా అరిగిన టైర్లు పేరుస్తూ వస్తున్నారు. మొన్న ఆదివారం లెక్కపెడితే 140 దాటాయి. అక్టోబరు వానలు మొదలైన కొన్నాళ్లకే మా అపార్ట్‌మెంటులో ఇద్దరు పిల్లలు డెంగీతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ దోమలు ఈ టైర్లలోనే పుట్టాయని నేను రుజువు చేయలేను. కానీ టార్చిలైటు వేసి ఒక లారీ టైరు లోపలికి చూశాను. అడుగున నాలుగు వేళ్ల లోతున నల్లటి నీరు ఉంది, అందులో సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి, నా చేతి నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. పారబోద్దామని ఇంకో చిన్న టైరును ఎత్తి తిప్పితే, ఎటు తిప్పితే అటు నీరు లోపలే పరుగెత్తింది గానీ సగమైనా బయటికి రాలేదు.

అందుకే ఈ ప్రతిపాదన మీ ముందుంచుతున్నాను. నివాస వీధుల్లో ఏ కొట్టులోనూ 50 పాత టైర్లకు మించి ఉండకూడదని, ఉన్నవి తప్పనిసరిగా కప్పు కింద ఉండాలని, మీరితే జరిమానా వేయాలని కార్పొరేషన్ నియమం పెట్టాలి. కర్ణాటక ప్రభుత్వం 2024లో డెంగీని అంటువ్యాధిగా ప్రకటించి, దోమలు పెరిగే పరిస్థితి కల్పించిన వాణిజ్య స్థలాలకు నగరాల్లో 1,000 రూపాయల జరిమానా పెట్టింది. మన చెన్నైలో అంతకన్నా గట్టిగా ఉండాలన్నది నా అభిప్రాయం. ఏకీభవించనివారు కారణాలు వివరంగా రాయండి.

మాధవరం టైర్ల వ్యాపారి

అయ్యా, పిల్లలు కోలుకున్నారనే తలుస్తాను. మీ బాధను నేను తక్కువ చేయడం లేదు. కానీ 22 ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నవాడిగా, 50 అన్న అంకె ఎక్కడికి దారితీస్తుందో చెప్పవలసిన బాధ్యత నాకుంది.

మా దగ్గరికి వచ్చే టైర్లన్నీ ఒకటి కావు. కేసింగ్, అంటే టైరు ఒళ్లు, గట్టిగా ఉన్న లారీ టైరు వారం కూడా నిలవదు, అరిగిన పైపొర తీసి కొత్తది వేసే రీట్రేడింగ్ వాళ్లు తామే వచ్చి పట్టుకుపోతారు. నిలిచిపోయేవి స్కూటరు, బైకు, ఆటో టైర్లు. వీటిని మా దగ్గర రీట్రేడింగ్‌కు ఎవరూ తీసుకోరు. కొనేది రబ్బరు పొడి చేసేవాళ్లు, పాత రబ్బరును మళ్లీ వాడుకునేలా మార్చే రిక్లెయిమ్ రబ్బరు వాళ్లు, నూనె తీసే పైరాలిసిస్ వాళ్లు మాత్రమే, అదీ బండి నిండా సరుకుంటేనే వస్తారు. 50 బైకు టైర్ల కోసం ఎవరూ బండి పంపరు, పంపితే బాడుగ కూడా గిట్టదు. లోడు కావాలంటే సరుకు చేరాలి, చేరితే మీ నియమం ప్రకారం జరిమానా. అప్పుడు పంక్చర్ షాపు అబ్బాయి ఏం చేస్తాడు? రాత్రిపూట రైలు పట్టాల పక్కనో ఎండిన కాలువలోనో పడేసి వస్తాడు. లేదంటే జనవరి దాకా దాచి భోగి మంటలకు అడిగినవాళ్లకు ఇచ్చేస్తాడు.

ఈ భోగి సంగతి మన తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మా చిన్నప్పుడు పిడకలు, పాత చాపలు, విరిగిన తట్టలు వేసేవాళ్లం. టైరు ఎప్పుడు వచ్చి చేరిందో గానీ, ఇప్పుడు కాలుష్య నియంత్రణ మండలి టైర్లు, ప్లాస్టిక్ కాల్చవద్దని ఏటా వేడుకోవలసి వస్తోంది. భోగి పొగ మంచుతో కలిసి విమానాలు ఆలస్యమైన ఏడాదులు మనమంతా చూశాం. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో అయితే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. అయినా భోగి మర్నాడు తెల్లవారేసరికి బూడిదలో తీగ చుట్టలు మిగులుతాయి, వాటిని ఏరుకోవడానికి మనుషులు వస్తారు. జరిమానా రాసేందుకు వచ్చినవారిని మాత్రం నేను ఒక్కసారీ చూడలేదు.

విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి

పైన ఒకరు దోమల గురించి, ఇంకొకరు వ్యాపారం గురించి రాశారు. నేను నిప్పు గురించి రాస్తాను, ఎందుకంటే అంకె ఎంత ఉండాలన్నది తేలవలసింది అక్కడేనని నా నమ్మకం.

టైరు తేలిగ్గా అంటుకోదు, ఆ మాట నిజమే. కానీ అంటుకున్న తరువాత బొగ్గుకు తీసిపోని వేడితో మండుతుంది. కుప్పలో ఎక్కువ భాగం ఖాళీ జాగాయే కాబట్టి గాలి లోపలినుంచే అందుతూ ఉంటుంది. మనం పైనుంచి కొట్టిన నీళ్లు రబ్బరు వంపు మీదుగా జారిపోతాయే తప్ప మంట ఉన్నచోటికి చేరవు. నా ఉద్యోగకాలంలో ఒక గోదాము మంటకు వెళ్లినప్పుడు తొలి రెండు గంటలు మేము పోసిన నీళ్లన్నీ నల్లటి జిడ్డుగా మారి రోడ్డు వారగా మురుగుకాలువలోకి పోయాయి. చివరికి జేసీబీ తెప్పించి, కుప్పను పాయలు పాయలుగా లాగి, ఒక్కో పాయ మీద మట్టి పోయిస్తే గానీ అదుపులోకి రాలేదు. కెనడాలోని హేగర్స్‌విల్‌లో 1990 ఫిబ్రవరిలో అంటుకున్న టైర్ల గుట్ట 17 రోజులు మండింది. అంత పెద్ద గుట్ట మన పేటల్లో ఉండదని ఊరట పడే వీలు లేదు, అక్కడి గుట్ట చుట్టూ మన వీధుల్లా ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని లేవు.

అంతర్జాతీయ అగ్నిమాపక కోడ్ ఆరుబయట టైర్ల కుప్ప 10 అడుగుల ఎత్తు దాటకూడదంటుంది, కుప్పకూ కుప్పకూ మధ్య 40 అడుగులు, కట్టడాలకూ సరిహద్దుకూ 50 అడుగులు ఖాళీ ఉండాలంటుంది. అది మన దేశపు చట్టం కాదు, కానీ ఆ దూరాలను ఒకసారి పెరంబూరు సందుల్లో ఊహించుకోండి. మొత్తం వీధే 15 అడుగులు లేనిచోట 50 అడుగుల ఖాళీ ఎక్కడ వస్తుంది? కాబట్టి నివాస వీధిలో ఆరుబయట కుప్ప అన్నదే ఉండకూడదు, 140 గానీ 50 గానీ. గదిలో, షట్టరు వేసుకుని, వెల్డింగు పనికీ గ్యాసు సిలిండర్లకూ దూరంగా, మనిషి చేతితో అరగంటలో బయటకు లాగేయగలిగినన్ని మాత్రమే ఉండాలి. వ్యాపారి గారికి లోడు కావాలంటే ఆ లోడు చేరవలసింది యార్డులో. షాపునూ యార్డునూ నియమంలో విడదీయకపోతే ఈ చర్చ తెగదు.

దోమల నివారణ విభాగంలో పనిచేసినవారు

ఒక్క విషయం మాత్రం చేర్చాలి. నీళ్లు పారబోసినంత మాత్రాన పని పూర్తి కాదు. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచున, టైరు లోపలి గోడకు, అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి. వేసవిలో పొడిగా కనిపించిన టైరులోనే తొలి వాన పడగానే ఆ గుడ్లు పొదుగుతాయి, గుడ్డునుంచి దోమ కావడానికి మన ఎండకు వారం పది రోజులు చాలు. లోపల గట్టిగా తోమి కడగాలి, లేదా అడుగున రంధ్రాలు చేయాలి, లేదా కోసెయ్యాలి. ఇక టార్పాలిన్ కప్పి వదిలేసేవారికి ఒక మనవి. దాని మడతల్లో నిలిచిన నీటిలోనే నేను ఎన్నోసార్లు పురుగులు చూశాను, వాలుగా బిగించి కట్టకపోతే టార్పాలిన్ కూడా ఇంకో తొట్టి అవుతుంది.

పెరంబూరు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. వ్యాపారి గారు చెప్పిన లోడు లెక్క నాకు ఇంతవరకు తెలియదు. 50 అంకెను వెనక్కి తీసుకుంటున్నాను, కానీ నియమం వద్దని మాత్రం ఒప్పుకోను. అగ్నిమాపక ఉద్యోగి గారి మాట ప్రకారం నివాస వీధిలో ఆరుబయట ఒక్క టైరు కూడా ఉండకూడదు. గదిలో ఉన్నవాటికి సంఖ్యతోపాటు రోజుల గడువు ఉండాలి. దోమ ఎదగడానికి వారం చాలంటే గడువు కూడా వారమే కావాలి, అంటే వారానికోసారి ఎవరో వచ్చి తీసుకుపోవాలి.

ఆ ఎవరో ఎవరన్నదే నా ప్రశ్న. కేంద్రం 2022 జులైలో ప్రమాదకర వ్యర్థాల నియమాలను సవరించి, టైర్ల తయారీదారులకూ దిగుమతిదారులకూ బాధ్యత పెట్టింది. 2022–23లో 35 శాతం, మరుసటి ఏడు 70 శాతం, 2024–25 నుంచి 100 శాతం మేరకు, తమ లెక్కకు వచ్చే టైర్లను రీసైకిల్ చేసినట్టు రీసైక్లర్లనుంచి సర్టిఫికెట్లు కొనాలి. ఆ డబ్బు రీసైక్లరు దగ్గరికి చేరుతోంది. రీసైక్లరు గేటు దాకా టైరును మోసేవాడికి అందులో ఏమైనా వస్తోందా?

మాధవరం టైర్ల వ్యాపారి

నాకైతే ఒక్క రూపాయి రాలేదు. సర్టిఫికెట్ అన్న మాటే మా వీధిలో సగంమందికి తెలియదు. రిజిస్ట్రేషన్ తయారీదారుకూ రీసైక్లరుకూ రీట్రేడరుకూ ఉంది, మా వంటి చిల్లర కొట్లు ఆ లెక్కలో ఎక్కడా కనిపించవు. మీరు చెప్పిన వారం గడువుకు నేను సిద్ధమే, ఒక్క షరతు మీద. వారానికోసారి పేటలన్నీ తిరిగి చిన్న టైర్లు ఎత్తుకునే బండి ఉండాలి, దాని బాడుగ ఆ సర్టిఫికెట్ల డబ్బులోంచి రావాలి, పంక్చర్ షాపు అబ్బాయి జేబులోంచి కాదు. బండి రాని వారం జరిమానా కూడా ఉండకూడదు.

పెరంబూరు నివాసి

చివరి షరతుతో నాకు పేచీ ఉంది. బండి రాకపోయినా గదిలో పెట్టడం, కడగడం కొట్టువారి చేతిలో పనే, ఆ రెండింటికీ మినహాయింపు ఇవ్వలేం. బాడుగ విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా వార్డు ఏరియా సభలో దీన్ని లిఖితంగా ఇవ్వదలచుకున్నాను. మీ కొట్టుకు ఏ రోజు ఎన్ని టైర్లు వచ్చాయో, ఏ రోజు ఎన్ని పోయాయో ఒక్క నెల పుస్తకంలో రాసి ఇవ్వగలరా? బండి వారానికి ఒకసారి చాలునా, రెండుసార్లు తిరగాలా అన్నది ఆ లెక్క చూస్తే తెలుస్తుంది.

మాధవరం టైర్ల వ్యాపారి

రాస్తాను. రేపు సోమవారంనుంచే మొదలుపెడతాను, బైకువీ ఆటోవీ వేరు వేరుగా.