‘పంచమ’ వద్దన్నవారు ‘ఆది ఆంధ్ర’ అని ఎందుకు అన్నారు?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంనాటి తెలుగు పత్రాలలో, ఈనాడు దళితులంటున్నవారికి ‘పంచమ’ అన్న పేరు, ఆ తరువాతి పత్రాలలో అదే ప్రజలకు ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు కనిపిస్తున్నాయి. నాకు రెండు సందేహాలున్నాయి. ఈ మార్పును ఎవరు, ఏ వాదంతో తెచ్చారన్నది మొదటిది. రెండవది వ్యాకరణానికి సంబంధించినది: ‘ఆది’, ‘ఆంధ్ర’ రెండూ తత్సమాలే కాబట్టి సమాసంలో ‘ఇకో యణచి’ అన్న పాణిని సూత్రం (ఇకారానికి వేరొక అచ్చు పరమైతే యకారం వస్తుంది) ప్రకారం ‘ఆద్యాంధ్ర’ కావలసి ఉండగా, ఎక్కడ చూసినా సంధి లేకుండానే ఎందుకు రాశారు? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం:

అయ్యా, ముందుగా ‘పంచమ’ సంగతి చూద్దాం. ఇది పూరణార్థక సంఖ్యావాచకం, అంటే ‘అయిదవ’ అని మాత్రమే దీని అర్థం. ఈ మాటలో స్వతహాగా నీచార్థం ఏమీ లేదు సరికదా, మన వాఙ్మయంలో దీనికి గొప్ప గౌరవమే ఉంది. మహాభారతాన్ని పంచమవేదం అని పొగడుతాం. కోయిల పంచమ స్వరంలో పాడుతుందని కవులు చెబుతారు. కర్ణాటక సంగీతంలో షడ్జమంతో పాటు ఏ మార్పూ లేకుండా నిలిచే స్వరం పంచమమే. వేదాల వరసలో అయిదవ స్థానం ఎక్కించిన పీట అయితే, వర్ణాల వరసలో అదే స్థానం ఊరి బయటి వాడ అయింది.

ఈ మాటను కులవాచకంగా సర్కారు కాగితాలలో వ్యాప్తిలోకి తెచ్చినవారు అవమానించాలని తేలేదన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దంలో మద్రాసు ప్రభుత్వ అధికారులు, సంస్కరణాభిలాషులు ‘పరయ’ (తమిళనాట ఒక అస్పృశ్య కులం పేరు) వంటి మాటలకంటె ఇది మర్యాదగా ఉంటుందని భావించారు. దివ్యజ్ఞాన సమాజ స్థాపకులలో ఒకరైన కర్నల్ ఆల్కాట్ మద్రాసులో ఈ పిల్లల కోసం నెలకొల్పిన ఉచిత పాఠశాలలకు కూడా పంచమ పాఠశాలలన్న పేరే స్థిరపడింది. అందువల్ల ఈ పేరును తిరస్కరించినవారు శత్రువుల తిట్టును మాత్రమే కాక, మిత్రులు దయతో ఇచ్చిన పేరును కూడా తిరస్కరించవలసి వచ్చింది. నా దృష్టిలో రెండవది మొదటిదానికంటె కష్టమైన పని.

ఆ పని జరిగింది బెజవాడలో, 1917 నవంబరు 4, 5, 6 తేదీలలో. గూడూరు రామచంద్రరావు గారి వంటి సంస్కర్తల పూనికతో ఏర్పాటైన ఆ సభకు పెట్టిన పేరు ప్రథమాంధ్రదేశ పంచమ మహాసభ. అధ్యక్షులుగా హైదరాబాదు నుంచి మాదరి భాగ్యరెడ్డివర్మ గారిని పిలిచారు. 1888లో పుట్టిన ఆయన అప్పటికే 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథల ద్వారా మాలవాడలలో విద్యను, మద్యపాన నిషేధాన్ని ప్రచారం చేసి, 1911లో ఆ సంస్థను మన్యసంఘంగా విస్తరించి, బడులు నడిపి, దేవతల పేరిట ఆడపిల్లలను జోగినులుగా వదిలే ఆచారానికి ఎదురు నిలిచి పేరు తెచ్చుకున్నవారు. అధ్యక్షపీఠం ఎక్కిన ఆ మనిషి మొదట సభ పేరునే ఆక్షేపించారు. పురాణాలలో గాని, ఇతర శాస్త్రగ్రంథాలలో గాని ‘పంచమ’ అన్న జాతి లేదని, అలా పిలవబడుతున్నవారు ఈ నేల మూలవాసులని, ఒకప్పుడు ఈ దేశాన్ని ఏలినవారని ఆయన వాదం. సభ ఆ వాదాన్ని అంగీకరించి తన పేరును ఆది ఆంధ్ర మహాసభగా మార్చుకున్నది. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారని కూడా ఉద్యమ చరిత్రకారులు రాశారు. కాబట్టి మాట మార్పుకు ఊరు ఎలా స్పందించిందో ఊహించుకోవచ్చు.

ఇక శాస్త్రంలో ‘పంచమ’ లేదన్న వాదానికి ఎంత బలం ఉందో చూద్దాం. మనుస్మృతి పదవ అధ్యాయంలోని నాలుగవ శ్లోకం ఇది:

బ్రాహ్మణః క్షత్రియో వైశ్యస్త్రయో వర్ణా ద్విజాతయః
చతుర్థ ఏకజాతిస్తు శూద్రో నాస్తి తు పంచమః

మొదటి మూడు వర్ణాలవారు రెండు జన్మలు గలవారు, నాలుగవవాడైన శూద్రుడు ఒకే జన్మ గలవాడు, అయిదవవాడు లేడు అని తాత్పర్యం. ‘నాస్తి తు పంచమః’ అన్న ఈ చివరి ముక్కను పట్టుకుంటే, పంచమ అన్న పేరు పెట్టినవారు తాము ప్రమాణంగా చెప్పుకునే గ్రంథానికే విరుద్ధంగా నడిచారని తేలుతుంది. గుర్రం జాషువా గారు 1941 నాటి ‘గబ్బిలం’ కావ్యంలో అడిగించిన ప్రశ్న కూడా ఈ లెక్క మీద ఆధారపడినదే: బ్రహ్మకు పుట్టినది నలుగురైతే ఈ అయిదవవాడు ఎక్కడివాడు?

అయితే ఈ శ్లోకాన్ని సమానత్వానికి సాక్ష్యంగా చూపేవారితో నేను ఏకీభవించలేను. అదే అధ్యాయంలో యాభై ఒకటవ శ్లోకం చండాలుర, శ్వపచుల నివాసం ఊరి వెలుపల ఉండాలని శాసిస్తుంది. అంటే ‘అయిదవవాడు లేడు’ అన్న మాటకు అందరూ నాలుగింటిలో చేరతారని కాదు, మిగిలినవారు లెక్కలోకే రారని అర్థం. శాస్త్రాన్ని శాస్త్రంతో ఖండించే వాదం ఎదుటివారి నోరు మూయించడానికి పనికివస్తుంది గాని, అక్కడే ఆగితే ఆ శాస్త్రం గీసిన గీతలోనే నిలబడవలసి వస్తుంది. భాగ్యరెడ్డివర్మ గారు అక్కడ ఆగలేదు కాబట్టే ఆయన ఎంచుకున్న మాట మీద మనం ఈనాడు చర్చిస్తున్నాం.

‘ఆది’ అన్న శబ్దాన్ని ఎంచుకోవడంలో గొప్ప నేర్పు ఉంది. ఈ మాట సమాసంలో చివర వస్తే ‘మొదలైన’ అన్న అర్థంలో కలిసిపోతుంది, ‘బ్రాహ్మణాది’ వర్ణాలు అన్నట్టు. ముందు వస్తే మాత్రం గౌరవం, ప్రాచీనత రెండూ తోడు తెస్తుంది: ఆదికవి, ఆదిశక్తి, ఆదిశేషుడు, ఆదిమూలం. తెలుగువాడు ఎవడూ ‘ఆది’ని ముందుపెట్టి ఎవరినీ కించపరచడు. పైగా అయిదవవాడు అనగానే ముందు నలుగురు ఉన్నారని ఒప్పుకున్నట్టే. మొదటివాడు అంటే ఆ అవసరం లేదు. పేరు అడిగినవారికి ‘మీ వరసలో నాకు చోటు వద్దు, మీరు రాకముందే నేనున్నాను’ అని చెప్పినట్టయింది.

ఒక సభ్యుని అభ్యంతరం:

మీ వివరణ బాగున్నది గాని, గ్రంథాలలో ఎక్కడా లేదన్న మాటను భాషాపరంగా అలాగే వదిలివేయడం సరికాదేమో. వేదపదాలకు అర్థం చెప్పే ప్రాచీన గ్రంథమైన యాస్కుని నిరుక్తంలో, వేదంలోని ‘పంచజనాః’ అన్న పదాన్ని వివరిస్తూ ‘చత్వారో వర్ణా నిషాదః పంచమ ఇత్యౌపమన్యవః’ అని ఉంది. నాలుగు వర్ణాలు, అయిదవది నిషాదుడు అని ఔపమన్యవుని అభిప్రాయం. మనువుకంటె యాస్కుడు ప్రాచీనుడు కదా?

జవాబు:

మంచి ప్రమాణం చూపారు, ధన్యవాదాలు. యాస్కుడు దీన్ని ఒక ఆచార్యుని మతంగా మాత్రమే ఉదాహరించాడు. పంచజనులంటే గంధర్వులు, పితృదేవతలు, దేవతలు, అసురులు, రాక్షసులు అని మరొక పక్షాన్ని కూడా అక్కడే చెప్పాడు. అంతకంటె ముఖ్యమైనది ఏమంటే, ఔపమన్యవుని వాక్యంలో జాతి పేరు ‘నిషాద’, ‘పంచమ’ అన్నది కేవలం దాని క్రమసంఖ్య. ‘అయిదవ అబ్బాయి పేరు రాముడు’ అన్నప్పుడు అయిదవ అన్నది అబ్బాయి పేరు కానట్టే ఇది కూడా. మద్రాసు ప్రభుత్వ పత్రాలలో జరిగినది వేరు. అక్కడ అసలు పేర్లను పక్కనపెట్టి క్రమసంఖ్యనే పేరుగా స్థిరపరిచారు. కాబట్టి ‘ఆ శబ్దమే లేదు’ అంటే అతివ్యాప్తి అవుతుంది, ‘ఆ పేరు గల జాతి లేదు’ అంటే నిలుస్తుంది. పైగా ఔపమన్యవుని పక్షంలో నిషాదుడు కూడా ‘పంచజనుల’లో ఒకడు, యజ్ఞానికి పిలవబడేవాడు. ఆ వాక్యాన్ని గుడి తలుపులు మూసినవారు సాయంగా తెచ్చుకోలేరు.

చెన్నై నుంచి మరొక సభ్యురాలు:

తమిళనాట ఉన్న తెలుగువారిగా ఒక విషయం చేర్చదలచాను. 1890వ దశకంలో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్హీర్ ఇచ్చిన నివేదిక ఫలితంగా దళితులకు కేటాయించిన భూములను ఇప్పటికీ ‘పంచమి భూములు’ అనే అంటారు. పేరును వద్దన్నా, ఆ పేరుతో వచ్చిన హక్కు కోసం పోరాడవలసి రావడం వల్ల ఆ మాట అక్కడ ఇంకా బతికి ఉంది. ఇక తమిళ జిల్లాలలో ‘ఆది ఆంధ్ర’కు జోడీ మాట ‘ఆది ద్రావిడ’. దళిత నాయకులు ఎం. సి. రాజా గారు మద్రాసు శాసనమండలిలో తెచ్చిన తీర్మానం మీద ప్రభుత్వం 1922లో ‘పంచమ’, ‘పరయ’ పేర్లను తొలగించి, తమిళ జిల్లాలలో ఆది ద్రావిడ, తెలుగు జిల్లాలలో ఆది ఆంధ్ర అని రాయాలని ఉత్తర్వు ఇచ్చింది. అందువల్ల ప్రశ్న అడిగినవారు పత్రాలలో చూసిన మార్పుకు ఆ సంవత్సరాన్ని గుర్తుగా పెట్టుకోవచ్చు. అయితే మాదిగలలో చాలామంది ఆ కాలంలోనే ‘అరుంధతీయ’ అన్న పేరును ఇష్టపడ్డారు. వసిష్ఠుని భార్య అరుంధతి తమ ఇంటి ఆడపడుచు అన్న ఐతిహ్యం దానికి మూలం. ఒకే పేరు అందరికీ సరిపోలేదు.

జవాబు:

అమ్మా, ఈ చివరి మాటను ఇంకొంచెం సాగదీయవలసి ఉంది. ‘ఆంధ్ర’ అన్న రెండవ పదం కూడా అన్ని చోట్లా పనికిరాలేదు. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేవారు కలిసి ఉన్న నిజాం రాజ్యంలో అది ఇరుకైన మాట. అక్కడ భాగ్యరెడ్డివర్మ గారే ‘ఆది హిందూ’ అన్న పేరును నిలబెట్టారు. 1931 జనాభా లెక్కలలో ఆ పేరుతోనే నమోదు చేయాలని నిజాం ప్రభుత్వాన్ని ఒప్పించారు, తన పత్రికకు తరువాత ఆ పేరే పెట్టారు. మైసూరులో ‘ఆది కర్ణాటక’, పంజాబులో మంగూరామ్ గారి ‘ఆద్ ధర్మ్’ వచ్చాయి. గమనించండి, వీటన్నిటిలో రెండవ పదం మారుతూ వచ్చింది, ‘ఆది’ మాత్రం మారలేదు. 1938లో ఆదివాసీ మహాసభ ఏర్పడేనాటికి ఈ శబ్దం ఇరవై ఏళ్లుగా రాజకీయ భాషలో నలుగుతూనే ఉంది.

గాంధీగారు 1932, 33లలో ప్రచారం చేసిన ‘హరిజన’ శబ్దాన్ని ఈ వరసలో కలపకూడదని నా అభిప్రాయం. అది బయటినుంచి ప్రేమతో ఇచ్చిన పేరు, అందుచేతనే దాని మీద అంబేద్కర్ గారి నుంచి అంత ప్రతిఘటన వచ్చింది. దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో, 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం కొత్త పేరు వెతకకుండా ‘మాదిగ’ అన్న పాత పేరునే ఇంటిపేరులా వ్యక్తుల పేర్ల చివర నిలబెట్టింది. పేరు మార్చుకోవడం, పాత పేరునే తలెత్తి చెప్పడం రెండూ ధిక్కారాలే. ఏది ఎప్పుడు పనిచేస్తుందో నిఘంటువు చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు:

చాలా సంగతులు తెలిశాయి, అందరికీ కృతజ్ఞతలు. సంధి విషయం మాత్రం మిగిలిపోయింది.

జవాబు:

మరచిపోలేదు, చివరికి ఉంచాను. ‘సంహితైకపదే నిత్యా, నిత్యా ధాతూపసర్గయోః, నిత్యా సమాసే’ అని ప్రసిద్ధమైన కారిక. సమాసంలో సంధి తప్పనిసరి, వాక్యంలో మాత్రం వక్త ఇష్టం. ఆ లెక్కన ‘ఆద్యాంధ్ర’ అనే రాయాలి. అచ్చ తెలుగు పద్ధతిలో వెళితే, సంధి లేనిచోట యడాగమం వచ్చి ‘ఆదియాంధ్ర’ కావాలి. వాడుకలో ఈ రెండూ నిలవలేదు. దీనికి పండితుల చేయి లేకపోవడమే కారణమని కొట్టిపారేయడం తేలిక. నాకు తోచే కారణం వేరు. ‘ఆద్యాంధ్ర’ అంటే ‘ఆద్య’ అని వినిపిస్తుందే తప్ప ‘ఆది’ అని చెవిన పడదు. వేదిక మీద వేలమందికి చెప్పవలసిన మాటలో అసలు బరువంతా ఆ రెండు అక్షరాల మీదే ఉంది. వాటిని సంధిలో కరిగిస్తే పేరు మార్చిన ప్రయోజనమే పోతుంది. ఆది ద్రావిడ, ఆది హిందూ అన్న జోడీ పేర్లలో రెండవ పదం హల్లుతో మొదలవుతుంది కాబట్టి సంధి ప్రసక్తి లేదు. వాటి పక్కన ఒకదాన్ని మాత్రం ‘ఆద్యాంధ్ర’ అని రాస్తే వరస చెడుతుంది.

రాత విషయంలో నా సూచన ఇది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల షెడ్యూల్డు కులాల జాబితాలలో ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు ఇప్పటికీ విడివిడిగానే ఉంది. చరిత్ర వ్యాసాలలోను, నిఘంటువులలోను అలాగే రెండు పదాలుగా రాయడం మంచిది. బహువచనంలో ‘ఆది ఆంధ్రులు’ అనవచ్చు. పాత ప్రతులను పరిష్కరించేవారు దీన్ని అచ్చుతప్పుగా భావించి ‘ఆద్యాంధ్రులు’ అని దిద్దవద్దు.